మేయో కొండల్లో మనుషుల జాడ

ప్రకృతి సౌందర్యాన్ని గురించి రాయటమంటే మన మిత్రుల్లో కొందరికి ఇప్పటికీ అనుమానమే. కొండలనూ సరస్సులనూ వర్ణించేవాడు ప్రజల సమస్యలనుంచి తప్పించుకు పోతున్నాడని వారి ఆక్షేపణ. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కాని కొండను చూడటం తప్పని నేననుకోను. చూసి, అక్కడ మనుషులెందుకు లేరని అడగకపోవటం తప్పు.

నిరుడు వేసవిలో ఐర్లండు పడమటి తీరాన మేయో కౌంటీలో ఆరు వారాలు గడిపాను. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. మా అమ్మాయి అక్కడ కాజిల్‌బార్ పట్టణంలో నర్సుగా పనిచేస్తోంది. సెలవు దొరికినప్పుడల్లా నన్ను కారులో తిప్పింది. యాత్రికులకు పంచే రంగు కాగితాల్లో ఆ ప్రాంతాన్ని గురించి ముఖ్యంగా చెప్పే గొప్ప, అక్కడి నిర్జనత్వం. మైళ్లకొద్దీ ఇల్లు కనబడదు, గొర్రెలు తప్ప ప్రాణి ఎదురుకాదు. నిజమే. అయితే 1841లో ఈ మేయో జనాభా 3,88,887. పదేళ్లు తిరిగేసరికి 2,74,499. 2022 లెక్కల్లో సుమారు 1,38,000. ఈ అంకెలు చూసిన తరువాత ఆ నిర్జనత్వాన్ని ప్రకృతి ప్రసాదమని మెచ్చుకోవటానికి నాకు నోరు రాలేదు.

మొదట వెస్ట్‌పోర్ట్‌నుంచి అకిల్ ద్వీపం దాకా పోయే సైకిలుదారి చూశాం. నలభై రెండు కిలోమీటర్లు. ఒక పక్క చిన్న చిన్న దీవులతో నిండిన క్లూ అఖాతం, మరొక పక్క ఊదారంగు కొండలు, దారికి అటూ ఇటూ ఎర్రటి పూలకంచెలు. ఇది ఒకప్పటి రైలుమార్గం, 1937లో మూతపడింది. 1894లో, ఆ మార్గం ఇంకా ప్రారంభం కాకమునుపే, దానిమీద ఒక ప్రత్యేక రైలు నడిచింది. స్కాట్లండులో బంగాళాదుంపలు తవ్వే కూలికి బయలుదేరిన అకిల్ యువతీయువకులు పడవ బోల్తాపడి 32 మంది మునిగిపోయారు. ఆ శవాలను మోసుకు వచ్చిన రైలు అది. 1937లో స్కాట్లండులోని కర్కింటిల్లోఖ్ అనే ఊళ్లో, కూలీలు పడుకునే కొట్టానికి నిప్పంటుకుని పదిమంది అకిల్ కుర్రాళ్లు కాలిపోయారు. వారి శవపేటికలూ ఈ దారినే వచ్చాయి. మొదటి బండీ చివరి బండీ శవాలనే మోస్తాయని పూర్వం ఎవరో జోస్యం చెప్పారట. కూలికి వలసపోయేవాడి చావును ఊహించటానికి జోస్యం కావాలా?

క్రో పాట్రిక్ శిఖరం ఎత్తు 764 మీటర్లు. జూలై నెలాఖరు ఆదివారం వేలాదిమంది యాత్రికులు, కొందరు ఉత్తకాళ్లతో, ఎక్కుతారు. నేను సగంలో మోకాళ్లు పట్టుకుని దిగివచ్చాను. కొండకింద మరిస్క్ అనేచోట జాన్ బెహన్ అనే శిల్పి చేసిన కంచు ఓడ ఉంది, 1997లో ఆవిష్కరించారు. దాని తాళ్లు, తెరచాపలు ఉండవలసినచోట అస్థిపంజరాలు పెనవేసుకుని ఉంటాయి. కరువులో అమెరికాకు పారిపోతూ దారిలో చచ్చినవాళ్ల ఓడలకు అది గుర్తు.

నన్ను నిజంగా నిలబెట్టింది డూలాఖ్ లోయ. లూయిస్‌బర్గ్ అనే చిన్న ఊరినుంచి దక్షిణంగా పోతే, రెండు కొండల మధ్య నల్లటి పొడవాటి సరస్సు, దాని ఒడ్డునే ఒంటరి రోడ్డు. అంత అందమైనచోటు నేను మరొకటి చూడలేదని ఒప్పుకుంటాను. 1849 మార్చి 30న కొన్ని వందలమంది నిరుపేదలు లూయిస్‌బర్గ్‌లో గుమిగూడారు. సహాయధాన్యం కావాలంటే అధికారుల తనిఖీకి నిలబడాలి. అధికారులు నిలవలేదు, మర్నాడు పొద్దున ఏడు గంటలకు డెల్ఫీ లాడ్జ్ అనే వేటబంగళాకు రమ్మని కబురు. పంతొమ్మిది కిలోమీటర్ల దూరం. ఒంటిమీద గుడ్డలు చాలని ఆ మనుషులు చలిలో, వానలో రాత్రంతా నడిచారు. దొరలు భోజనం చేస్తున్నారని అక్కడా ఆగమన్నారట. చివరకు ఏమీ ఇవ్వకుండా పొమ్మన్నారు. తిరుగుదారిలో ఎందరు పడిపోయారో లెక్క కుదరదు. ఆనాటి పత్రిక కొద్ది శవాలనే చెప్పింది, ఊరిజనం వందల్లో చెబుతారు. ఇప్పుడక్కడ ఒక రాతి శిలువ ఉంది. దానిమీద గాంధీగారి మాటలు చెక్కారు. తోటివారిని అవమానించి గౌరవం పొందామనుకునే మనుషులను గురించిన మాటలవి. 1988లో మొదలై ఏటా జనం ఆ దారిన నడిచే ఆచారం వచ్చింది. 1991లో డెస్మండ్ టుటు నడిచాడు.

గాంధీ పేరు చూసి మా అమ్మాయి సంబరపడింది. నాకు మరొక పేరు గుర్తుకొచ్చింది. ఆ కరువేళ్లలో లండను ఖజానా శాఖలో సహాయమంతటినీ తన చేతుల్లో పెట్టుకున్న అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఉచితంగా తిండి పెడితే జనం సోమరులవుతారనీ, వ్యాపారానికి అడ్డు తగలరాదనీ అతని సిద్ధాంతం. కరువు దైవసంకల్పమని 1848లో పుస్తకమే రాశాడు. 1847 మార్చి నాటికి సుమారు ఏడు లక్షలమంది ఆకలితో రాళ్లు కొట్టి రోడ్లు వేస్తున్నారు. అందులో కొన్ని రోడ్లు ఎక్కడికీ పోవు, కొండమీద ఆగిపోతాయి. ధాన్యం, పశువులు మాత్రం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. ఈ ట్రెవెల్యనే 1859లో మద్రాసుకు గవర్నరుగా వచ్చాడు. అంటే మన కోస్తా, మన రాయలసీమ అతని ఏలుబడిలోకి వచ్చాయి. మరుసటి ఏడాదే వెనక్కి పిలిపించారు, అది వేరే తగాదా. కాని మనిషి పోయినా సిద్ధాంతం పోలేదు. 1877లో, మనవాళ్లు ధాత కరువని పిలిచే కరువులో, రోజంతా మట్టి మోసే మగవాడి కూలిలో ధాన్యం ఒక పౌనని, అంటే అరకిలోకు తక్కువని, సర్కారు కొలిచి నిర్ణయించింది.

మరొకనాడు కాంగ్ దాటి లాఖ్ మాస్క్ సరస్సు చూడబోయాం. 1880లో ఇక్కడి ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్‌కు రైతులెవ్వరూ పనికి రాలేదు, మాట్లాడలేదు, సరుకు అమ్మలేదు. యాభైమంది కూలీలను ఉత్తరాన్నుంచి దించి, సుమారు వెయ్యిమంది సిపాయిలను కాపలా పెట్టి పంట తీయించారు. పంట విలువ అయిదువందల పౌన్లు, ఖర్చు పదివేలని చెబుతారు. అతని పేరు మన సమ్మెల్లోనూ మాట అయిపోయింది. ఆ ఉద్యమం వెనక ఉన్న మైకేల్ డేవిట్ మేయో పిల్లవాడే: నాలుగేళ్లప్పుడు ఇంట్లోంచి వెళ్లగొట్టబడ్డాడు, పదకొండేళ్లకు ఇంగ్లండు మిల్లులో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు.

చివరి ఆదివారం అకిల్ ద్వీపంలోని స్లీవ్‌మోర్‌కు వెళ్లాం. కొండవాలున సుమారు ఎనభై, వంద రాతి ఇళ్లు, కప్పులు లేకుండా, వరసగా నిలబడి ఉంటాయి. ఇళ్లచుట్టూ బంగాళాదుంపల గట్లు పక్కటెముకల్లా ఇప్పటికీ కనిపిస్తాయి. జర్మన్ రచయిత హైన్రిఖ్ బోల్ 1950లలో ఇక్కడ తిరిగి ఈ ఊరిని గురించి రాశాడు. అన్ని ఇళ్లూ కరువులోనే ఒక్కసారిగా ఖాళీ అయ్యాయంటే పొరపాటు. కొన్నింటిని ఆ తరువాత కూడా వేసవిలో పశువులు మేపేవాళ్లు వాడుకున్నారు. అయినా పావు ఎకరానికి మించి భూమి ఉన్నవాడికి సహాయం లేదన్న 1847 చట్టం ఇటువంటి ఊళ్లను ఎంత తొందరగా ఖాళీ చేయించిందో ఊహించటం కష్టంకాదు.

ఒక గోడమీద కూర్చుని అమ్మాయి, “ఎంత ప్రశాంతంగా ఉంది నాన్నా!” అన్నది. నాకు ఒళ్లు మండింది. ముప్ఫై యేళ్ల బడిపంతులుతనం కట్టలు తెంచుకుంది. ఇది ప్రశాంతి కాదనీ, వల్లకాడనీ, చట్టాన్నీ జనాభా లెక్కల్నీ ఒప్పగించాను. రాత్రి డ్యూటీ చేసి నిద్రలేకుండా కారు నడిపి వచ్చిన పిల్ల అది. అంతా విని నెమ్మదిగా అడిగింది:

“మన వూరి కాలవ గట్టుమీదికి ప్రతి సంక్రాంతికీ నీ పిల్లల్ని వనభోజనానికి తీసుకెళ్లేవాడివి. ఆ కాలవ ఎవరు తవ్వారో ఒక్కసారైనా చెప్పావా?”

చెప్పలేదు. మాది బకింగ్‌హాం కాలవ పక్క వూరు. ధాత కరువులో ఎముకలగూళ్లయిన కూలిజనాన్ని ఆ కాలవ పనిలో పెట్టారు. మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపే తునక 1877-78లో అలా తవ్విందే. కాలవకు పేరు మాత్రం అప్పటి గవర్నరుది. ఇదంతా నేను చదివినదే, పరీక్షలకు చెప్పినదే. నా కాలవ వేరు, పుస్తకంలో కాలవ వేరు అయిపోయింది. సర్వీ తోటలో పిల్లలకు పులిహోర పంచి, నీళ్లలో పడవలు చూపించి, ఎంత అందంగా ఉందో చూడండర్రా అని నేనే అన్నాను.

వాన మొదలైంది. కారెక్కాం. ద్వీపాన్ని నేలతో కలిపే వంతెనకు డేవిట్ పేరే పెట్టారు. మొదటి వంతెనను 1887లో అతనే ప్రారంభించాడు. వంతెన దాటుతుండగా అమ్మాయి మళ్లీ అడిగింది:

“మన కాలవ గట్టుమీద ఎక్కడైనా అటువంటి రాయి ఉందా నాన్నా?”

“నేను చూడలేదమ్మా,” అన్నాను.

అద్దంమీద నీళ్లు తుడిచే కర్రలు కాజిల్‌బార్ దాకా ఆడుతూనే ఉన్నాయి.