విమానం బొమ్మ మీద మన ఊరి పేరు

అభిరుచి మనిషికి విశ్రాంతినిచ్చే వ్యాపకం మాత్రమే కాదు. ఒక్కొక్కప్పుడు అది గురుస్థానంలో నిలిచి పాఠం కూడా చెబుతుంది. సాహిత్యం బోధించే నాకు ప్లాస్టిక్ యుద్ధవిమానాల నమూనాలు తయారుచేసే అలవాటు ఉన్నదంటే కొందరు మిత్రులు చిరునవ్వు నవ్వుతారు. ఆ బొమ్మల మీద వేసే గుర్తులు నాకు నేర్పిన విషయాన్ని విద్యార్థి మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ నమూనాలలో ఎక్కువగా వాడుకలో ఉన్నది 1/72 కొలత. ఈ లెక్కన ఆరడుగుల మనిషి ఒక్క అంగుళానికి కుదించుకుపోతాడు. భాగాలు అతికించి రంగు వేసినంత మాత్రాన అది ఫలానా విమానం అనిపించుకోదు. ఆ రకపు విమానాలలో ఏదో ఒకటి మాత్రమే. రెక్కల మీద వలయాలు, తోక దగ్గర సంఖ్య, పక్కన అక్షరాలు చేరినప్పుడే దానికొక కాలమూ, స్థలమూ, నడిపిన మనుషులూ ఏర్పడతారు. మనం ప్రాచీన కావ్యాలకు కాలనిర్ణయం చేసే పద్ధతి కూడా ఇటువంటిదే కదా! అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చినందువలన ఆ కావ్యం 16వ శతాబ్దిదని తేల్చుకుంటున్నాము. కావ్యానికి కృతిపతి పేరు ఎటువంటిదో, విమానానికి గుర్తు అటువంటిది.

గుర్తులు వేయడానికి రెండు మార్గాలున్నాయి: ఒకటి మాస్కు, రెండవది డెకాల్.

మాస్కు మనకు కొత్తది కాదు. గోడల మీద ఎన్నికల గుర్తులు వేసే పెయింటరు రేకులో బొమ్మ కత్తిరించి, గోడకు ఆనించి రంగు కొట్టడం మనమందరం చూచినదే. నమూనాకు రేకు బదులు పలుచని కాగితపు టేపునో, వినైల్ ముక్కనో వాడతారు. రంగు పడకూడని చోట దానిని అతికించి, అంచులు గట్టిగా అదిమి, పలుచని పొరలుగా రంగు వేయాలి. తొందరపడి దట్టంగా వేస్తే రంగు అంచు కిందికి పాకుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందుగా అడుగునున్న రంగునే అంచు మీద ఒక పొర వేస్తారు. పాకవలసినదేదో ఆ రంగే పాకి సందులను మూసివేస్తుంది. కొత్త రంగుకు దారి ఉండదు.

డెకాల్ పని మరింత సున్నితమైనది. కాగితం మీద జిగురు, జిగురు మీద పారదర్శకమైన సన్నని పొర, ఆ పొర మీద అచ్చు ఉంటాయి. కొన్ని క్షణాలు నీటిలో ముంచి తీసి, జిగురు కరిగే దాకా ఆగి, మెల్లగా విమానం మీదికి జార్చాలి. గరుకు రంగు మీద నేరుగా పరిస్తే కింద గాలి చిక్కుకొని, వెండి పూత పూసినట్లు తెల్లగా కనిపిస్తుంది. కనుక ముందు నిగనిగలాడే వార్నిషు వేసి నునుపు చేసి, దాని మీద డెకాల్ పరచి, ఆరిన పిమ్మట మెరుపు తగ్గించే వార్నిషు వేస్తారు.

మా మామూజాన్ సౌదీ నుండి వస్తూ తెచ్చిన ఒక స్పిట్‌ఫైర్ నమూనాలోని డెకాల్ కాగితం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. అది బ్రిటిష్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్‌ది. ‘హైదరాబాదు’ అన్నది ఆ స్క్వాడ్రన్ పేరులోనే ఉన్నది. దాని అధికార చిహ్నం నిజాం ధరించే తలపాగా. రెండవ ప్రపంచయుద్ధంలో అది బర్మా రంగంలో పోరాడింది. దాని విమానాల వలయాల మీద ఒక నల్ల చిరుతపులి దూకుతూ కనిపిస్తుంది. బ్రిటిష్ వలయం నడుమ మామూలుగా ఉండే ఎర్ర చుక్క మాత్రం కనిపించదు. ముదురు నీలం లోపల లేత నీలమే ఉంటుంది. జపాను విమానాల గుర్తు ఎర్రని సూర్యబింబం కావడమే ఇందుకు కారణం. రెప్పపాటులో శత్రుమిత్ర భేదం తేల్చుకోవలసిన ఆకాశంలో ఆ చిన్న చుక్క స్వపక్షం తుపాకులకే గురి కావచ్చును. ఈ భయంతోనే అమెరికా వారు కూడా 1942 మే నెలలో తమ నక్షత్రం నడుమనున్న ఎర్ర చుక్కను తీసివేశారు. బర్మా మీద ఎగిరిన భారత వైమానిక దళం విమానాలు కూడా ఈ నీలి వలయాలనే ధరించాయి. వెంట్రుకంత మందం లేని పొరలో ఒక రంగు లోపించడం వెనుక ఎందరి ప్రాణాల చింత ఉన్నదో చూడండి!

హైదరాబాదు పేరు అంతకు ముందే ఆకాశానికెక్కింది. 1918లో 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్. 9ఏ బాంబరు విమానాలు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో సమకూరాయి. ఇది నిజాం వారి కానుక అని వాటి మీద వ్రాశారు. వాటిలో ‘హైదరాబాదు 12ఏ’ అన్న విమానం 1918 అక్టోబరు 5న జర్మనీ మీదికి వెళ్లి తిరిగి రాలేదు. అందులోని ఇద్దరూ బందీలయ్యారు. ఆ విమానం బెర్లిన్ ప్రదర్శనశాలకు, అటుపిమ్మట పోలండుకు చేరి, చివరకు 1977లో లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి వచ్చింది.

మన ఊరి పేరు అంత దూరం ప్రయాణించిందని మొదట గర్వం కలిగిన మాట నిజం. కాని గుర్తును చదవడమంటే అందులో వ్రాయనిదానిని కూడా చదవడం. రాజుల కానుకల వెనుక రైతుల శిస్తు ఉంటుంది; ఆ రైతుల పేర్లు ఏ డెకాల్ మీదా అచ్చు కావు. బాంబులు పడిన ఇళ్లలోని వారి పేర్లు కూడా అక్కడ కనిపించవు.

విద్యార్థి మిత్రులారా! రాతి మీది శాసనమైనా, కావ్యంలోని అంకితమైనా, విమానం మీది వలయమైనా మీ కంటబడినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. దీనిని ఎవరు వేయించారు? ఏ అవసరం కొద్దీ వేయించారు? ఇందులో చోటు దొరకనివారెవరు? పుస్తకంలోని చరిత్ర మీకు సజీవంగా కనిపించడం ఈ మూడవ ప్రశ్నతోనే మొదలవుతుంది.