వెలుగుతో వంట

బందరు రోడ్డు మీద మా కంకిపాడు దాటేవారికి వరిచేలు కనిపిస్తాయి. వరి వున్నచోట ఊక వుంటుంది. 100 పాళ్ళ ఊకను కాలిస్తే 20 పాళ్ళదాకా బూడిద మిగులుతుంది. ఆ బూడిదతో తోమిన గిన్నె ఎందుకు తళతళలాడుతుందో ఏ యిల్లాలూ అడగదు. అందులో ఎక్కువ పాలు సిలికా. యిసుకలో వుండేదీ అదే. వరిమొక్క దాన్ని నీళ్ళతోపాటు పీల్చి గింజకు కవచం కడుతుంది.

సిలికాకు మూలమైన సిలికానుతోనే మా మేనకోడలి కాపురం. నిజం కాపురం యింకా కుదరలేదు. అదే మా వదిన దిగులు. పిల్ల ప్రయోగశాలలో సిలేను అనే వాయువుతో పనిచేస్తుంది. ఒక సిలికాను, నాలుగు హైడ్రోజనులు. గాలి తగిలితే చాలు, అగ్గిపుల్ల అక్కర్లేకుండా భగ్గుమంటుంది. ఆ సంగతి చెవిని పడ్డ రోజున వదిన అన్నం ముట్టలేదు.

"మానిపించు వదినా. నీ మాటైతే వింటుంది," అని నా నెత్తిన పెట్టింది.

పిల్ల సెలవులకు రాగానే కదిపాను.

"ఉయ్యాల ఎలా తోస్తావు అత్తయ్యా?" అంది.

"ఊపు చూసుకుని."

"సిలేనుకూ ఓ ఊపుంది. కార్బన్ డయాక్సైడు లేజరు కాంతి సరిగ్గా ఆ ఊపుకు అందుతుంది."

ఆ లేజరును 1964లో అమెరికాలోని బెల్ లాబరేటరీస్‌లో తయారుచేసినవాడు మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. దాని కాంతి కంటికి కనబడదు. సిలేను ధారకు అడ్డంగా ఆ కిరణం పడితే, రెప్పపాటుకన్న ముందే వాయువు కాగి విడిపోయి, సిలికాను పొడి అవుతుంది. అమ్మోనియా కలిపితే సిలికాను నైట్రైడు వస్తుంది; యివాళ కొన్ని రకాల బేరింగు గుండ్లు చేసేది ఆ పదార్థంతోనే. పొయ్యి లేదు, మూకుడు లేదు. వేడి వాయువులోనే పుడుతుంది గనుక పాత్ర మురికి పొడికి అంటదు. 1980ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో హాగర్టీ, కానన్ బృందం యీ పద్ధతిలో సన్నని, తీరైన పొడులు తీసింది.

"అంటుకుంటేనో?" అన్నాను.

"అంటుకుంటుందని తెలిసే చేస్తాం అత్తయ్యా. మూసిన స్టీలు పెట్టెలోంచి ముందు గాలంతా లాగేస్తాం. ఆ తరువాతే సిలేను. కాస్త లీకైనా గంట మోగుతుంది."

మానెయ్యమని నోరు రాలేదు. నిప్పు గుణం తెలియని చేతులకే ప్రమాదం ఎక్కువ. కట్టెలపొయ్యి ముందు కొంగు బిగించి దోపుకున్న మా అమ్మ ఒక్కనాడూ ఒళ్ళు కాల్చుకోలేదు. వదినతో అదే చెప్పాను.

వదిన చాలాసేపు ఆలోచించింది.

"సరే, చెయ్యనీ. పెళ్ళివారికి మాత్రం యీ సంగతి ముందే చెప్పాలి," అంది.

"ముందే చెప్పమ్మా. భయపడేవాళ్ళు ముందే పోతారు," అంది పిల్ల, పళ్ళెంలో అన్నం కలుపుకుంటూ.