తామరకు తండా తెలియదు

దేవరకొండ తండాల్లో బస్సెక్కి, సాగర్ రోడ్డు మీదుగా వచ్చి ఎల్బీ నగర్‌లో దిగుతాం. కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో చేరతాం. ఇరుకు గది, సగం ఆరిన బట్టలు, ఇద్దరికొక టవల్. కొన్నాళ్లకు తొడల సందున, నడుము చుట్టూ గుండ్రటి మచ్చలు, ఒకటే దురద.

"తండావాళ్లకు శుభ్రత తెలియదు" అన్న మాట పడాల్సొస్తుందని నోరు విప్పం. మెడికల్ షాపులో అడిగితే ఏదో ట్యూబ్ ఇస్తారు. రెండ్రోజుల్లో దురద తగ్గుతుంది, ఆపగానే మచ్చ ఇంకా పెద్దదై వస్తుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే అంతే. దురదను అణుస్తుంది, తామరను పెంచుతుంది. డాక్టరు చీటీ లేకుండా అలాంటి క్రీములు అమ్మకూడదు.

తామర ఒక ఫంగస్. చెమట, తడి ఉన్న ఎవరి ఒంటి మీదైనా పెరుగుతుంది. దానికి కులం తెలియదు, తండా తెలియదు. ఎవరి టవల్ వారిదే కావాలి. బట్టలు ఎండలో ఆరాలి. మచ్చ పోయినా డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు రాయాలి. గదిలో ఇంకొకరికుంటే ఇద్దరూ కలిసే వైద్యం చేయించుకోవాలి. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు. అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

సార్లూ, మేడమ్‌లూ! క్లాసులో ఎవరైనా గోక్కుంటుంటే నలుగురిలో అడగకండి. పక్కకు పిలిచి అడగండి, చెప్తాం.