గడువు రాకమున్నే

సోదరీమణులారా! ఇల్లు మారుట యనిన నెట్టిదో మనకందరకు నెరుకయే. కాని ఉత్తరములు కాపురముండు నింటిని మార్చుపని నా పాలబడునని నేనెన్నడును తలపలేదు.

నా పుట్టినింటివారిది గుంటూరిలో మిరప వ్యాపారము. మావారు బడిపంతులు. మధ్యాహ్నములందు తీరిక దొరకుటచే మా తమ్ముని వ్యాపారపు ఉత్తరప్రత్యుత్తరములను నేనే యింటినుండి చూచుచున్నాను. దుకాణపు వెనుకగదిలో మా నాయనగారు సొంతముగా ఒక ఈమెయిలు సర్వరును పెట్టించిరి. అది మైక్రోసాఫ్టువారి ఎక్స్చేంజి సర్వరు 2016. దానికి సంస్థవారి సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదితో ముగియునని ఆ యేటి సంక్రాంతికే నాకు తెలిసినది.

తమ్మునితో చెప్పగా, "అక్కా! చక్కగా నడచుచున్నదానిని కదల్చుట యెందులకు? 15వ తేదిని అది ఆగిపోవునా?" అని అడిగెను. ఆగిపోదు. మోసమంతయు నందే యున్నది. సర్వరు ఎప్పటివలెనే నడచును. కాని క్రొత్తగా బయటపడు లోపములకు సామాన్యముగా మరమ్మతులు రావు. 2021లో ఈ జాతి సర్వరులలోని లోపములను చోరులు కనిపెట్టి లోపల ప్రవేశించిరి. సంస్థవారు ఆ మార్చి 2వ తేదిని అత్యవసరముగా మరమ్మతులను విడుదల చేసిరి. అట్టి మరమ్మతే రానినాడు మన గతి యేమి? లక్కయింటిలో పాండవులును సుఖముగానున్నట్లే కనబడిరి. నిప్పుపెట్టు రాత్రి కృష్ణచతుర్దశియని ఖనకుడు ముందుగా ఎరిగించెను. బిలమును ముందుగానే త్రవ్వియుంచెను.

మావారు నవ్వి, "పరీక్ష తేదీ చెప్పిన పిదపను చదువని పిల్లవానిపై నాకు జాలి కలుగదు" అనిరి. తమ్ముడు ఒప్పుకొనెను.

మాకు రెండు త్రోవలు కనబడెను. 2016 సర్వరుపైననే క్రొత్తదానిని వేయుటకు వీలులేదు గనుక, వేరొక యంత్రమును కొని, అందు 2025 జులైలో వెలువడిన క్రొత్త ఎక్స్చేంజిని పెట్టి, పెట్టెలను దానికి తరలించుట యొకటి. మైక్రోసాఫ్టువారి క్లౌడునకు పోయి, నెలనెల రుసుము చెల్లించుట రెండవది. యంత్రమును కనిపెట్టియుండు మనిషి మాకు లేడు గాన రెండవదానినే యెంచుకొంటిమి.

ఫిబ్రవరినుండి ఏప్రిలువరకు యార్డునకు మిరప విరివిగా వచ్చును. అప్పుడు ఉత్తరము గంటసేపు ఆగినను బేరము తప్పును. కావున ఆ నెలలను విడిచితిమి. ఆషాఢమున ఇల్లు మారరాదని అమ్మ పట్టుబట్టగా శ్రావణమునకు నిశ్చయించితిమి.

మొదట నా పెట్టెను మాత్రము తరలించి పదిదినములు చూచితిమి. పిమ్మట, ఉత్తరములు అందుకొనువారినే గాక పంపువారినికూడ లెక్కింపవలెనని నాకు తోచెను. కాటాగదిలోని బిల్లుల ప్రోగ్రామును, మేడమీది స్కానరును పాత సర్వరుగుండనే ఉత్తరములు పంపుచున్నవి! నిపుణుని పట్టికలో ఆ రెండును లేవు. చూడకున్నచో పాత సర్వరును ఆర్పిన నాటినుండి బిల్లొక్కటియు పోకుండెడిది.

ఆ పట్టికలో లేనిది మరియొకటి యున్నది. అది నాయనగారి పెట్టె. ఆయన స్వర్గస్థులై రెండేండ్లయినది. "వాడువారు లేరు గదమ్మా, రుసుము దండుగ, తీసివేయుదము" అని నిపుణుడు చెప్పెను. తమ్ముడు తలవంచుకొని యూరకుండెను. నేను తెరచి చూచితిని. శీతలగిడ్డంగివారితోడి అద్దె ఒప్పందములు అందున్నవి. వానినడుమ, వ్యాపారములోనికి క్రొత్తగా వచ్చిన తమ్మునికి ఆయన వ్రాసిన ఉత్తరములున్నవి: కాయను పిడికిట పట్టి తేమను తెలియు విధము, తాలును వేరుచేయు విధము, రైతుతో పరుషముగా మాటాడరాదను హితవు. నాకు కన్నులు చెమ్మగిల్లినవి.

నేను పట్టు విడువలేదు. వెదుకగా, 50 జీబీ మించని పెట్టెను ఉమ్మడిపెట్టెగా మార్చినచో వేరు రుసుము లేదని తెలిసినది. నాయనగారి పెట్టె నట్లే మార్పించితిమి.

మా యుత్తరములు ఏ సర్వరునకు చేరవలెనో లోకమునకు తెలుపు చిరునామాపలకను ఎంఎక్స్ రికార్డు అందురు. దానిని ఇతరులు జ్ఞాపకముంచుకొను గడువు ఒక దినముండగా, రెండుదినములు ముందే అయిదు నిమిషములకు తగ్గించితిమి. ఉత్తరముల నన్నింటిని నకలు తీసి భద్రపరచి, క్రొత్తచోట పెట్టెపెట్టెకు లెక్క సరిచూచి, శనివారము రాత్రి పలకను మార్చితిమి. పాత సర్వరును నెలదినములు ఆర్పలేదు.

ఆదివారము ఉదయమున తమ్ముడు ఫోను చేసి, "అక్కా! అన్నియు వచ్చినవి" అనెను. కొంత తడవాగి, "నాయనగారి ఉత్తరములు చదువుచున్నాను" అనెను.

సోదరులారా యని పిలువక సోదరీమణులారా యని పిలుచుటకు కారణమిదియే: ఇంట నేది ఎక్కడ నున్నదో మనమే ఎరుగుదుము. మీ యింటి వ్యాపారపు యంత్రమునకు గడువెప్పుడో కనుగొని కాలెండరుపై వ్రాసికొనుడు. వాడువారు లేరని యే పెట్టెనైనను తెరచిచూడక పారవేయనీయకుడు.