ఊపిరి లెక్క

కార్తీకమాసపు రాత్రి. నెల్లూరు సీమలో ఈశాన్య ఋతుపవనపు వాన ఎడతెగక కురియుచుండెను. మైపాడు తీరమున ఒక జాలరి యింట పదునెనిమిది నెలల బాలుడు జలుబుతో ముక్కు మూసికొనిపోయి, పాలు గుక్కెడు త్రాగి వదలి యేడ్చుచుండెను. తల్లిదండ్రులు పొరుగూరికి పోయిరి. ఇంట నున్నవారు అవ్వయు, ఎనిమిదవ తరగతి చదువు అక్కయును.

అవ్వ కొబ్బరినూనెలో కర్పూరము కాచబోయెను. “వలదవ్వా! కర్పూరము పసివారికి ప్రమాదము. కడుపులోనికి పోయిన మూర్ఛ రాగలదని నర్సమ్మ చెప్పినది” అని బాలిక వారించెను.

“మీ నాయనను నేనట్లే పెంచితిని గదే!” అని అవ్వ నొచ్చుకొనెను, అయినను కర్పూరపు డబ్బా మూసెను.

బాలిక కాచి చల్లార్చిన గ్లాసెడు నీటిలో అరచెంచా ఉప్పు కలిపి, ముక్కులో రెండేసి చుక్కలు వేసి, మెత్తని గుడ్డతో చీమిడి తుడిచెను. దగ్గునకు అవ్వ అరచెంచా తేనె నాకించెను. ఏడాది నిండని బిడ్డకు తేనె కూడదు. కొంతసేపటికి బాలుడు పాలు త్రాగి నిద్రించెను.

అప్పుడు బాలిక గడియారము చూచుచు వాని ఊపిరిని లెక్కించెను. నిమిషమునకు 34. ఏడాది నిండి అయిదేండ్లు నిండని బిడ్డకు ఆ లెక్క 40గాని, అంతకు మించిగాని యున్నను, డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు త్రాగలేకున్నను వెంటనే వైద్యుని చూపవలెను.

జలుబును త్వరగా పోగొట్టు మందు లేదు. బిడ్డకు హాయి కూర్చుట, అపాయమును కనిపెట్టుట ఇంటివారి పని. తెల్లవారునప్పటికి మనుమని యొడిలో నుంచుకొని అవ్వయే ఊపిరులు లెక్కించుచుండెను.