బండలో తొలిచిన పళ్లాలు

చూడదగ్గ ప్రదేశాలంటే మనకు కోటలు, గుళ్లు, మహళ్లు గుర్తొస్తాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఘనా దేశపు ఉత్తరాన ఉన్న సవన్నా గడ్డి మైదానాల గురించి చదివితే మాకు మరో రకం వారసత్వం కనిపించింది.

అక్కడ మోలే జాతీయ పార్కులో ఏనుగులు తిరుగుతాయి. పక్కనే లారబంగా గ్రామంలో మట్టితో, కర్రలతో కట్టిన పాత మసీదు ఉంది. 1970లలో సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి దెబ్బతింది. తర్వాత మళ్లీ మట్టే మెత్తి నిలబెట్టారు.

మా మనసును కదిలించింది మాత్రం పాగా దగ్గరి పిక్‌వోరో. పట్టి తెచ్చిన మనుషులను సాలగ బానిసల సంతకు తోలేముందు అక్కడ బంధించేవారు. వాళ్లకు పళ్లేలు లేవు. బండలో తొలిచిన గుంటల్లోనే తిండి. ఆ గుంటలు నేటికీ ఉన్నాయి. అక్కడివాళ్లు వాటిని దాచిపెట్టరు, వచ్చినవారికి దగ్గరుండి చూపిస్తారు.

గంట కొట్టగానే పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడే మాకు ఆ గుంటల బాధ తెలుస్తుంది. మన తాతలకు ఊరి బావి దగ్గర చెంబు దక్కలేదు. ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగారు. అదీ చరిత్రే. ఆ తరం వెళ్లిపోతోంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అడిగి రాసుకుందాం. వచ్చే సంచికలో అచ్చువేద్దాం.