ఇసుకే అడవైన దీవి

ఇసుకలో ఏం మొలుస్తుంది? మహా అయితే సరుగుడు తోటలు, తాటిచెట్లు, జీడిమామిడి. మన తీరం చూసినవాళ్లు ఎవరైనా చెప్పే జవాబిదే. కానీ ఆస్ట్రేలియా తూర్పు తీరాన ఓ దీవి ఉంది. ఒకటి రెండు చోట్ల రాతి గుట్టలు తప్ప అక్కడ ఉన్నదంతా ఇసుకే. ఆ ఇసుకమీదే దట్టమైన వర్షారణ్యం, వందకు పైగా మంచినీటి సరస్సులు! 122 కిలోమీటర్ల పొడవుతో ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి ఇదే. పేరు గర్రి. చాలాకాలం దీన్ని ఫ్రేజర్ ఐలాండ్ అనేవారు. 1992 నుంచి ప్రపంచ వారసత్వ సంపద.

బ్రిస్బేన్‌లో ఉంటున్న మూడు తెలుగు కుటుంబాలం కలిసి అక్కడ మూడు రాత్రులు గుడారాల్లో గడిపాం. సెప్టెంబరు చివర్లో, మన దగ్గర దసరా సెలవులు వచ్చే రోజుల్లోనే, అక్కడి పిల్లలకూ వసంత సెలవులుంటాయి. పెద్దవాళ్లం ఆరుగురం, పిల్లలు ఐదుగురు, కాకినాడ నుంచి వచ్చిన మా అత్తయ్య. బియ్యం, పప్పు, ఆవకాయ, మంచినీళ్ల క్యాన్లు, గ్యాస్ పొయ్యి... అన్నీ మోసుకెళ్లాల్సిందే. మామూలు కార్లు ఆ ఇసుకలో నడవవు కాబట్టి ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్లు తీసుకున్నాం.

పంటెక్కి దీవికి...

బ్రిస్బేన్ నుంచి ఉత్తరంగా మూడు గంటలు ప్రయాణిస్తే రెయిన్‌బో బీచ్ వస్తుంది. ఆ పక్కనే ఇన్‌స్కిప్ పాయింట్. అక్కడ టైర్లలో గాలి బాగా తగ్గించాలి. అప్పుడే టైరు వెడల్పుగా పరచుకుని ఇసుకలో కూరుకుపోకుండా ఉంటుంది. బళ్లను అవతలికి చేర్చే బల్లపరుపు పడవను చూడగానే ‘‘ఇది మన గోదావరి పంటే కదర్రా!’’ అంది అత్తయ్య. నిజమే, పది నిమిషాల్లో దాటించేసింది.

దీవికి తూర్పు వైపున్న సముద్రతీరమే అక్కడి రహదారి. పేరు సెవెంటీఫైవ్ మైల్ బీచ్. గంటకు 80 కిలోమీటర్ల వేగపరిమితి కూడా ఉంది. చిన్న విమానాలు ఆ ఇసుకమీదే దిగుతాయి! అయితే ఈ రోడ్డు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది సముద్రం. పోటుకు రెండు గంటల ముందు, రెండు గంటల తర్వాత బండి నడపకూడదంటారు. అందుకే మా తిండి, నిద్ర, ప్రయాణం అన్నీ పోటుపాట్ల పట్టిక ప్రకారమే సాగాయి.

దారిలో తుప్పుపట్టిన ఓ ఓడ అస్థిపంజరంలా కనిపిస్తుంది. అది మహెనో. 1905లో స్కాట్లాండ్‌లో తయారైంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి ఓడగా పనిచేసింది. 1935లో తుక్కు కింద జపాన్‌కు లాక్కెళుతుంటే తుపానుకు తాడు తెగి ఈ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇక కదల్లేదు.

గిన్నెలో నిలిచిన వాన

కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడింది. గర్రి ఇసుక ఇంకా దక్షిణాన, న్యూసౌత్‌వేల్స్ వైపు నుంచి సముద్ర ప్రవాహాలతో లక్షల ఏళ్లపాటు కొట్టుకొచ్చింది. మరి ఇసుకలో నీళ్లు ఇంకిపోకుండా సరస్సులెలా నిలిచాయి? రాలిన ఆకులూ అలములూ కుళ్లి, ఇసుకతో కలిసి, అడుగున సిమెంటులాంటి గట్టిపొర కట్టింది. గిన్నెలో నిలిచినట్టు అందులో వాననీరు నిలిచింది. మెకంజీ సరస్సు అలాంటిదే. ఏరుల్లేవు, ఊటల్లేవు. ఉన్నదంతా వాననీరే. ఒడ్డున పంచదారలా తెల్లటి ఇసుక, లోపలికి వెళ్లేకొద్దీ లేత నీలం, ముదురు నీలం. నీళ్లలో పోషకాలు తక్కువ కావడంతో చేపలూ అంతంతమాత్రమే.

సెంట్రల్ స్టేషన్ దగ్గర మరో వింత. అక్కడ ఓ వాగు తెల్లటి ఇసుకమీద చప్పుడే లేకుండా పారుతుంటుంది. వంగి చూస్తేగానీ అక్కడ నీళ్లున్నాయని తెలీదు. చుట్టూ నిటారుగా సాటినే చెట్లు. వాటి కలపను సముద్రపు పురుగులు అంత తేలిగ్గా తొలచలేవట. అందుకే సూయజ్ కాలువ పనులకూ వాడారు. వందేళ్లకు పైగా సాగిన చెట్ల నరికివేత 1991లో ఆగింది. జిర్కాన్, రూటైల్ ఖనిజాలకోసం ఇసుక తవ్వడం 1976లోనే ఆగిపోయింది. మన శ్రీకాకుళం, భీమిలి తీరాల ఇసుకలోనూ ఉన్నవి ఆ ఖనిజాలే!

బిస్కెట్టు పెడితే...

గర్రిలో అందరూ భయపడేది డింగోలకి. చూడ్డానికి మన ఊరకుక్కల్లా ఉండే అడవి కుక్కలు. అక్కడివాళ్లు వొంగరి అంటారు. 2001లో తొమ్మిదేళ్ల బాలుడు వీటి దాడిలో చనిపోయాడు. అందుకే మేం చుట్టూ కంచె ఉన్న డుండుబర శిబిరాన్ని ఎంచుకున్నాం. పిల్లలు చేయిచాపితే అందేంత దూరంలోనే ఉండాలి, పరుగెత్తకూడదు, తిండి బండిలో పెట్టి తాళం వేయాలి, సరస్సు ఒడ్డుకు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకెళ్లకూడదు... ఇవీ నియమాలు. మెకంజీ దగ్గర మా పులిహోర డబ్బా కంచె ఉన్న భోజనాల చోటే ఖాళీ అయింది.

రెండోరోజు సాయంత్రం తీరంలో నడుస్తుంటే ఒకటి ఎదురైంది. బక్కగా ఉంది, డొక్కలు కనిపిస్తున్నాయి. పిల్లల్ని మధ్యలో ఉంచి, దానివైపే చూస్తూ, మెల్లగా వెనక్కి నడిచాం. అది రెండు క్షణాలు నిలబడి, తన దారిన పోయింది. ‘‘పాపం, ఆకలేసి ఉంటుంది బామ్మా! ఒక్క బిస్కెట్టు వేద్దాం’’ అంది మా ఎనిమిదేళ్ల పాప. ఆకలన్నవాళ్లకు పెట్టమనే కదా మనం పిల్లలకు నేర్పేది! కానీ ఇక్కడ అది తప్పు. మనిషి చేతి తిండి మరిగిన డింగోకు భయం పోతుంది. ఇంకొకరి దగ్గరకూ వస్తుంది, ఇవ్వకపోతే కరుస్తుంది. చివరికి ప్రమాదకరమని అధికారులు దాన్ని చంపాల్సి వస్తుంది. ఇదంతా విన్న అత్తయ్య ‘‘పెట్టకపోవడమే పుణ్యమన్నమాట, తల్లీ’’ అంది.

మూడు కట్టుబాట్లు

ఈ దీవి వేల ఏళ్లుగా బుచుల్లా జాతివారిది. భూమిని సృష్టించడంలో సాయపడిన ఓ దేవకన్య ఈ చోటును వదల్లేక తానే దీవిగా మారిపోయిందనీ, సరస్సులు ఆమె కళ్లనీ వాళ్ల కథ. గర్రి అంటే స్వర్గమట. 2014లో కోర్టు ఇక్కడ వాళ్ల హక్కులను గుర్తించింది. 2023లో దీవికి పాతపేరు అధికారికంగా తిరిగొచ్చింది.

ఆ స్వర్గానికి మనిషి నిర్లక్ష్యం ఎంత చేటో 2020లో తెలిసింది. అనుమతిలేని చోట ఎవరో వేసిన చలిమంట రెండు నెలలు రగిలి, దీవిలో సగానికి పైగా కాల్చేసింది. అందుకే మేం చలిమంట జోలికే పోలేదు. గ్యాస్ పొయ్యిమీద పప్పన్నం, నెత్తిన పాలపుంత... అంతకన్నా ఏం కావాలి!

బుచుల్లాలకు మూడు కట్టుబాట్లున్నాయి. నేలకు మేలు చేసేదే ముందు. నీది కానిది ముట్టకు, తీసుకోకు. నీకు మిక్కిలిగా ఉంటే పంచుకో. చివరిరోజు గుడారాలు విప్పుతూ వాటిని పిల్లలతో చదివించాం. చెత్తంతా సంచుల్లో కట్టి బళ్లలోకి ఎక్కించాం. రెండో కట్టుబాటు వినగానే పెద్దవాడు కాసేపు ఆలోచించి, జేబులోని గవ్వలన్నీ తీసి తీరాన వరసగా పేర్చాడు. మిగిలిన నలుగురూ వాణ్ని చూసి అదే చేశారు. పోటు మొదలయ్యేలోపు మేం పంటు దగ్గరికి బయల్దేరాం.